మరపును చూపిన రంగులు

షోలాపూరు తెలుగువారికి రంగుల మాట క్రొత్తది కాదు. తెలంగాణపు పల్లెల నుండి మన తాతలు, ముత్తాతలు ఈ ఊరికి వచ్చినది మగ్గాన్ని నమ్ముకొని. నూలు కొనడం, దానికి రంగు పట్టించడం, ఎండగట్టడం, చద్దరుగా నేయడం, ఈ పనులతోనే మనవారు ఇళ్ళు నిలబెట్టుకొన్నారు, పిల్లలను చదివించుకొన్నారు. మా తరానికి మా ఇంట మగ్గం లేదు గాని, మా తాతగారి గోళ్ళ సందులలో ఎన్నడూ వదలని ఎర్రని మరక మాకింకా కళ్ళకు కట్టినట్టే ఉన్నది.

అటువంటి నూలు రంగులే ఒకనాడు వైద్యుల చేతికి పోయి, మనిషి మెదడులో మరపు జబ్బు ఎక్కడ దాగి ఉన్నదో చూపించినవంటే మనవారిలో చాలమంది ఆశ్చర్యపడతారు. మేమూ ఆశ్చర్యపడినవారమే. ఆ చరిత్రను ఈ ఉగాది సంచికలో విన్నవించదలచినాము. మేము శాస్త్రజ్ఞులము కాము. మెట్రిక్కుతో చదువు చాలించి, రైల్వేలో గుమాస్తా పని చేసుకొనేవారము. అయినా ఈ సంగతి మా ఇంటి గడప తొక్కి వచ్చినది గనుక, దొరికినవన్నీ చదివి, అర్థమైనంతవరకు వ్రాస్తున్నాము.

మా నాయనమ్మ నలభై ఏండ్లకు పైగా బీడీలు చుట్టినది. ఆకు కత్తిరించి, తంబాకు వేసి, చుట్టి, దారం కట్టి, కట్టకు 25 చొప్పున లెక్కపెట్టడం ఆమెకు ఊపిరి తీసినంత సులువు. 2009లో ఆ లెక్క తప్పడం మొదలైనది. ఒక కట్టలో 20, మరొక కట్టలో 30. కార్ఖానాలో మాలు వాపసు చేసినారు. ఇంట్లో అందరమూ ఆమెను కోప్పడినాము. పరధ్యానమన్నాము, చాదస్తమన్నాము. తరువాత కూరలో ఉప్పు రెండుమార్లు పడడం మొదలైనది. ఆపైన యాభై ఏండ్లు మాట్లాడిన మరాఠీ ఆమెను విడిచిపోయినది. కూరగాయలవాడితో కూడ తన పుట్టింటి తెలుగే మాట్లాడేది. కడకు ప్రతి సాయంత్రమూ చీరలు మూట కట్టుకొని గడపలో కూర్చుండి, “కొడుకా, బండి ఎన్ని గంటలకు?” అని మమ్మల్ని అడిగేది. కరీంనగరం దగ్గరి తన ఊరికి పోవాలని ఆమె కోరిక. ఆ ఊళ్ళో ఆమెవారు అప్పటికి ఎవరూ మిగలలేదు. మేము అప్పటికే రైల్వేలో చేరి ఉన్నాము. “బండి లేటు నాయినమ్మా, రేపొస్తది” అని రోజూ చెప్పేవారము.

ఒక వైద్యుడు ఇది వయసు గుణమని పంపివేసినాడు. మరియొక ఊళ్ళో మరియొక వైద్యుడు ఇది అల్జీమర్ వ్యాధి అని పేరు పెట్టి చెప్పేసరికి మూడేండ్లు గడిచినవి. 2015లో ఆమె కాలం చేసినది. ఆ మూడేండ్లలో ఆమెను మేమన్న మాటలు ఇప్పటికీ మా మనస్సులో ముల్లువలె ఉన్నవి. ఈ వ్యాసం వ్రాయడానికి అసలు కారణం అదే.

ఇక చరిత్రకు వద్దాము.

జర్మనీ దేశంలో ఫ్రాంక్‌ఫర్ట్ నగరపు పిచ్చాసుపత్రికి 1901 నవంబరు 25న ఒక స్త్రీని తీసుకొనివచ్చినారు. ఆమె పేరు ఆగుస్తె డేటర్. వయస్సు 51 సంవత్సరాలు. ఆమె భర్త కార్ల్ రైల్వే కార్యాలయంలో గుమాస్తా. ఈ మాట చదివిననాడు మేము పుస్తకం మూసి కొంతసేపు ఊరక కూర్చున్నాము. నూరేండ్ల క్రిందట, ఎన్నో వేల మైళ్ళ దూరంలో, మావంటి ఒక గుమాస్తా ఇంట మా నాయనమ్మ జబ్బే!

ఆమెను పరీక్షించిన వైద్యుడు ఆలోయిస్ అల్జీమర్. నీ పేరేమని అడిగితే ఆగుస్తె అన్నది. ఇంటి పేరేమని అడిగితే ఆగుస్తె అన్నది. నీ భర్త పేరేమని అడిగినా ఆగుస్తె అనే చెప్పినది. గోబిపువ్వు, మాంసం భోంచేస్తూ, తింటున్నది ఏమని అడిగితే పాలకూర అన్నది. పేరు వ్రాయమంటే ‘శ్రీమతి’ అని వ్రాసి, తరువాతిది మరచి ఆగిపోయినది. అల్జీమర్ ఈ ప్రశ్నలూ జవాబులూ ఓపికగా వ్రాసి పెట్టుకొన్నాడు. ఆ కాగితాలు తరువాత ఎక్కడో పడిపోయి, 1995లో ఫ్రాంక్‌ఫర్టులో మళ్ళీ దొరికినవి.

ఆగుస్తె 1906 ఏప్రిల్ 8న మరణించినది. అప్పటికి అల్జీమర్ మ్యూనిక్ నగరానికి మారినాడు. ఆమె మెదడును అక్కడికి తెప్పించుకొని, పలుచని పొరలుగా కోసి, వెండి లవణంతో రంగు పట్టించి, సూక్ష్మదర్శినిలో చూచినాడు. ఉత్త మెదడు పొరను చూస్తే బూడిదవన్నె మసకే గాని ఏమీ తెలియదు. రంగు పట్టిన పిదపనే రెండు వింతలు బయటపడినవి. ఒకటి, జీవకణాల లోపల చిక్కుపడిన నూలుపోగుల వంటి ముడులు. రెండవది, కణాల వెలుపల అక్కడక్కడ పేరుకొనిపోయిన గట్టి మచ్చలు. 1906 నవంబరు 3న ట్యూబింగెన్ పట్టణంలో జరిగిన వైద్యుల సభలో అల్జీమర్ ఈ సంగతి చెప్పినాడు. సభలో ఒక్కరైనా ప్రశ్న వేయలేదట. 1910లో ఆయన పై అధికారి క్రెపెలిన్ తన గ్రంథంలో ఈ వ్యాధికి అల్జీమర్ పేరు పెట్టిన పిదపనే లోకం దీనిని గుర్తించినది.

ఇక్కడ ఒక మాట గమనించవలెను. రోగి చనిపోయి, మెదడు చేతికి వచ్చిన తరువాతనే ఆ మచ్చలు కనిపించినవి. బ్రతికి ఉన్నవారి మెదడులో వాటిని చూసే ఉపాయం లేదు. ఆ ఉపాయం కోసం దాదాపు నూరేండ్లు పట్టినది. ఆ నూరేండ్ల కథలో నాయకపాత్ర మన నూలు రంగులదే.

1883లో జర్మనీలో పాల్ బోటిగర్ అనే రసాయనికుడు ఒక ఎర్ర రంగును తయారుచేసినాడు. అంతకు ముందు పత్తి నూలుకు చాల రంగులు పట్టవలెనంటే పటిక వంటి ఒక మధ్యవర్తిని వేయవలసి వచ్చేది. ఈ క్రొత్త రంగుకు అది అక్కరలేదు; తొట్టిలో ముంచితే చాలు, తానే పోయి నూలును పట్టుకొనేది. ఆ రోజులలో బెర్లిన్ నగరంలో ఆఫ్రికాలోని కాంగో దేశాన్ని గురించి పెద్ద సభ జరుగుచుండెను గనుక, అమ్మకానికి పనికివచ్చునని దీనికి ‘కాంగో రెడ్’ అని పేరు పెట్టినారు. కాంగో దేశానికీ ఈ రంగుకూ వేరే సంబంధమేదీ లేదు.

1922లో హాన్స్ బెన్‌హోల్డ్ అనే జర్మను వైద్యుడు, ఈ ఎర్ర రంగు శరీరంలో కొన్ని జబ్బులలో పేరుకొనే ‘అమిలాయిడ్’ అనే పదార్థాన్ని కూడ గట్టిగా పట్టుకొంటుందని కనిపెట్టినాడు. 1927లో బెల్జియం దేశస్థుడు పాల్ డివ్రీ అల్జీమర్ రోగుల మెదడు పొరలకు కాంగో రెడ్ పట్టించి, ప్రత్యేకమైన కాంతిలో సూక్ష్మదర్శినితో చూచినాడు. ఎర్ర రంగు పట్టిన మచ్చలు పచ్చగా తళుక్కుమన్నవి. ఆ మచ్చలు కూడ అమిలాయిడేనని అప్పుడు తేలినది.

నూలు రంగు మెదడులోని మచ్చను ఎందుకు పట్టుకొన్నది? మనవారికి ఇది చెప్పడం సులభం. పత్తి నూలు పొడవైన పోగుల కూడిక. అమిలాయిడ్ కూడ అంతే. అది ఒక చిన్న మాంసకృత్తు, అనగా ప్రొటీను. మామూలుగా విడివిడిగా ఉండవలసిన ఆ తునకలు ఒకదాని ప్రక్కన ఒకటి వరుసగా చేరి, పోగులై, పోగులన్నీ కలిసి ముద్ద కడతవి. పొడవుగా, బల్లపరుపుగా ఉండే రంగు అణువు పోగు వెంబడి గాళ్ళలో ఇమిడి కూర్చుంటుంది. మెదడులో ఆ పోగులను పేనుచున్న తునక ఏదో 1984లో అమెరికాలో గ్లెన్నర్, వాంగ్ అనే శాస్త్రజ్ఞులు వేరుచేసి చూపినారు. దానికి ‘అమిలాయిడ్ బీటా’ అని పేరు.

తరువాతి మెట్టు, రంగు వెలగడం. కొన్ని పదార్థాలు ఒక వన్నె వెలుగును మ్రింగి, వెంటనే మరొక వన్నె వెలుగును వెడలగ్రక్కుతవి. మలేరియాకు ఇచ్చే క్వినైనును నీళ్ళలో కలిపి ఎండలో పెడితే అంచున నీలికాంతి కనబడుతుంది. తెల్లబట్టలకు పెట్టే టినోపాల్ మెరుపు కూడ ఈ గుణమే. 1852లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు ఆచార్యుడు స్టోక్స్ దీనికి ‘ఫ్లూరసెన్స్’ అని పేరు పెట్టినాడు. మన తెలుగులో ‘ప్రతిదీప్తి’ అంటారు.

పత్తి బట్టలకు వేసే పసుపు రంగు ఒకటి ఉన్నది; పేరు థయోఫ్లావిన్-టి. 1959లో వాసర్, కల్లింగ్ అనే ఇద్దరు, ఈ రంగు అమిలాయిడును పట్టుకొన్నప్పుడు చీకటిలో దీపంవలె వెలుగుతుందని ప్రకటించినారు. దీని మర్మం చాల ముచ్చటైనది. ఈ రంగు అణువులో రెండు భాగాలున్నవి. వాటి నడుమ ఒక కీలు ఉన్నది. నీళ్ళలో విడిగా ఉన్నప్పుడు ఆ భాగాలు రాట్నంవలె గిరగిర తిరుగుతవి. మ్రింగిన వెలుగంతా ఆ తిరుగుడులోనే ఖర్చయిపోతుంది. అమిలాయిడ్ పోగు నడుమ ఇరుక్కొన్నప్పుడు తిరగడానికి సందు ఉండదు. అప్పుడు మ్రింగిన వెలుగు వెలుగుగానే బయటికి వస్తుంది. కనుక మచ్చ ఉన్నచోటనే దీపం, లేనిచోట చీకటి. శాస్త్రజ్ఞులు ఇటువంటి రంగులను ‘ప్రోబులు’ అంటారు. మనము జాడ తీసే రంగులు అనవచ్చును.

ఇంతవరకు బాగే. కాని బ్రతికి ఉన్న మనిషి మెదడులోకి రంగును పంపేది ఎట్లా? మెదడుకు పోయే రక్తనాళాల గోడలు చాల కట్టుదిట్టమైనవి. ప్లాట్‌ఫారం గేటు దగ్గర టిక్కెట్లు తనిఖీ చేసేవానివలె అవి ప్రతి పదార్థాన్నీ ఆపి చూస్తవి. థయోఫ్లావిన్ అణువుపై విద్యుదావేశం ఉన్నది. అటువంటివానికి లోపల ప్రవేశం లేదు. అమెరికాలో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయపు విలియం క్లంక్, చెస్టర్ మాథిస్ అనేవారు ఏండ్ల తరబడి ఈ రంగుల అణువులను మార్చి మార్చి చూచినారు. కట్టకడపట థయోఫ్లావిన్ ఆవేశాన్ని తొలగించి, దానికి రేడియో ధార్మికత గల కర్బన పరమాణువును తగిలించినారు. ఇది వెలుగుతో కాక, శరీరం వెలుపలికి వచ్చే కిరణాలతో తన జాడ తెలుపుతుంది. ఆ కిరణాలను పట్టి బొమ్మ కట్టే యంత్రాన్ని ‘పెట్ స్కానరు’ అంటారు. 2002లో స్వీడన్ దేశంలోని ఉప్సాలా నగరంలో మొదటి రోగికి ఆ మందు ఎక్కించి చూచినారు. 2004లో 16 మంది రోగులనూ, ఆ జబ్బు లేని 9 మందినీ పోల్చి ఫలితాలు ప్రకటించినారు. ఆగుస్తె మెదడులో ఆమె మరణించిన తరువాత అల్జీమర్ చూచిన మచ్చలను, కుర్చీలో కూర్చుండి మాట్లాడగల మనిషి మెదడులో చూడగలిగిన రోజు అది. నూలు రంగు మనుమరాలే ఆ పని చేసినది.

అయితే ఆ కర్బనం 20 నిమిషాలకు సగమైపోతుంది. తయారుచేసే యంత్రం ప్రక్కనే ఉండవలెను. తరువాత దాదాపు 110 నిమిషాలకు సగమయ్యే ఫ్లోరిన్‌తో మందులు చేసినారు. వాటిలో ఫ్లోర్‌బెటాపిర్ అనే దానికి 2012లో అమెరికా ప్రభుత్వ అనుమతి లభించినది. అయినా ఆ యంత్రాలు పెద్ద నగరాలకే పరిమితం. ఖర్చు మనవంటి సంసారులకు భారం. అందువల్ల వెలుగుతోనే చూసే ఉపాయం కోసం ప్రయత్నాలు ఆగలేదు.

రాత్రివేళ టార్చిలైటును అరచేతికి ఆనించి వెలిగించి చూడండి. ఇవతలికి ఎర్రని వెలుగే వస్తుంది. నీలం, పచ్చ లోపలనే అణగిపోతవి. మెదడు విషయంలోనూ ఇంతే. కంటికి కనిపించే ఎరుపుకు ఆవలి అంచున ఉండే కాంతితో వెలిగే రంగు దొరికితే, అది కొంత లోతు నుండి బయటికి రాగలదు. 2001లో బాకై మొదలగువారు బ్రతికి ఉన్న ఎలుక మెదడులో మచ్చలను ప్రతిదీప్తితో చూచినారు. 2005లో నియాడ్-4 అనే రంగు వచ్చినది. అది మచ్చను పట్టుకొన్నప్పుడు ఎర్రగా వెలుగుతుంది. 2009లో బోస్టన్ నగరంలో చోంగ్‌జావ్ రాన్ మొదలగువారు క్రానాడ్-2 అనే మరొక రంగును ప్రకటించినారు. దీని మాతృక ఏదో తెలుసునా? కుర్కుమిన్. అనగా మన పసుపుకొమ్ములోని పచ్చదనమే. నిజామాబాదు, దుగ్గిరాల పసుపు పేరెరుగని తెలుగువాడు లేడు. గుమ్మానికి పూసే ఆ పసుపు అమిలాయిడును పట్టుకొంటుంది, వెలుగుతుంది కూడ.

ఇది విని ఎవరూ పసుపు నీళ్ళు త్రాగితే జబ్బు తెలుస్తుందనీ, కుదురుతుందనీ అనుకోరాదు. తిన్న పసుపులో కుర్కుమిన్ రక్తంలోకి చేరేది అత్యల్పం. పసుపు అల్జీమర్ వ్యాధిని మాన్పుతుందని ఋజువు కాలేదు. మన వంటింటి వస్తువు గనుక గర్వపడవచ్చును గాని, గర్వం వైద్యం కాదు.

ఎలుక పుర్రె పలుచన. మనిషి పుర్రె మందం. అందువల్ల వెలుగు రంగులు మనిషి మెదడు లోతులను ఇంకా చూడలేవు. కాని కంటి వెనుక ఉండే పొర మెదడుకు కొనసాగింపే. దానిని కంటిపాప గుండా నేరుగా చూడవచ్చును. అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరపు పరిశోధకులు మనుష్యులకు ప్రత్యేకంగా తయారుచేసిన కుర్కుమిన్ ఇచ్చి, కంటి పొరలో మచ్చలు వెలగడం చూచినామని 2017లో ప్రకటించినారు. ఇది ఇంకా పరిశోధన దశలోనిదే. ఆసుపత్రులలో వాడుకకు వచ్చినది కాదు. మన దేశంలో కూడ, బెంగుళూరులోని జవాహర్‌లాల్ నెహ్రూ ఉన్నత విజ్ఞాన పరిశోధన కేంద్రంలో ఆచార్య గోవిందరాజు బృందం అమిలాయిడును గుర్తించే ప్రతిదీప్తి రంగులపై కృషి చేసినది. రంగుల శోధన ఇట్లా సాగుచుండగా, 2025లో అమెరికాలో రక్తపరీక్ష ద్వారా అమిలాయిడ్ జాడ తెలుసుకొనే విధానానికి కూడ అనుమతి దొరికినది.

ముందుగా చూడడం వల్ల ప్రయోజనమేమని కొందరు అడగవచ్చును. మతిమరపు బయటపడడానికి పది, ఇరవై ఏండ్ల ముందే మెదడులో ఈ మచ్చలు మొదలవుతవని ఈ స్కానుల వల్లనే తెలిసినది. మచ్చలున్న ముసలివారందరికీ మతి తప్పదు. కనుక మచ్చ ఒక్కటే తుది తీర్పు కాదు. 2023లో లెకానెమాబ్, 2024లో డొనానెమాబ్ అనే మందులకు అమెరికాలో అనుమతి వచ్చినది. అవి అమిలాయిడును తొలగించి జబ్బు నడకను కొంత నెమ్మదింపజేస్తవి, నయం చేయవు. అదియు తొలిదశలో ఇస్తేనే. కనుక ముందు చూపు లేనిదే మందు లేదు.

మన దేశంలో 60 ఏండ్లు దాటినవారిలో నూటికి 7.4 మందికి, అనగా సుమారు 88 లక్షల మందికి, మతిమరపు జబ్బులున్నవని 2023లో ప్రకటించిన ఒక అంచనా. వాటిలో ఎక్కువ పాలు అల్జీమర్‌దే. మన సంఘంలో ఎన్ని ఇళ్ళలో ఎందరు పెద్దలు ఈనాడు చాదస్తమనే మాట పడుచున్నారో మనమే లెక్క చూచుకోవలెను.

జబ్బును తొలినాడే చూపే రంగు ఉండి ఉంటే మా నాయనమ్మ ఇంకా బ్రతికి ఉండేదని మేమనము. కాని బీడీల లెక్క తప్పిననాడు, తప్పు ఆమెది కాదనీ, ఆమె మెదడులో ఏవో పోగులు చిక్కుపడినవనీ మాకు తెలిసి ఉండేది. ఆమెను మేము తిట్టి ఉండేవారము కాము. మందు దొరకని జబ్బులో కూడ ఇది చిన్న లాభం కాదు.

అందువల్ల సోదరీసోదరులకు మా మనవి ఇంతే. ఈ ఉగాదినాడు పచ్చడి చేతికిచ్చి పెద్దలకు దండం పెట్టేటప్పుడు, వారితో కొంతసేపు కూర్చుండి మాట్లాడండి. అలవాటైన లెక్క తప్పుచున్నదా, నిన్నటి మాట నిలవడం లేదా, తెలిసిన వీధిలో దారి తప్పుచున్నారా, గమనించండి. ఉంటే, వయసు గుణమని ఊరుకొనక, కోప్పడక, నరాల వైద్యునికి చూపించండి. సాయంత్రం వేళ ఎవరైనా మూట కట్టుకొని బండి ఎప్పుడని అడిగితే, వారి ప్రక్కన కూర్చుండి, ఏ ఊరికి పోవలెనో, ఆ ఊళ్ళో ఎవరెవరున్నారో అడిగి వినండి. మా నాయనమ్మను మేమది అడగలేదు.